ముంతకి పూత

సారెమా దీవిలో ఎండెల్
ముందు వాసన చూస్తాడు చెక్కని,
తర్వాతే గొడ్డలి.
పైన్ వద్దు, బంక బీరులోకి దిగుతుంది.
ఓక్ వద్దు, వగరుకి నాలిక పట్టేస్తుంది.
రాళ్ళనేలలో నూరేళ్ళకి
మణికట్టంత లావెక్కే జునిపర్ చాలు.

కిందటి వేసవి అల్లుడు రైవో ముచ్చటపడి
పెళ్ళికిచ్చిన ముంతకి వార్నిష్ పూశాడు.
అద్దంలా మెరిసింది.
తాగినవాళ్ళందరూ
మర్యాదగా దగ్గారు.

చలికాలమంతా గాజుపెంకుతో
గీకుతూనే ఉన్నాడు ముసలాయన.
"పూత దేనికి రైవో?
ఎండితే పలకలు విడిపోతాయి,
తడిస్తే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.
ఖాళీగా ఉంచకు, అంతే."

లైనె నీళ్ళు పోసింది.
రాత్రంతా బల్లమీద కారుతూనే ఉంది.
తెల్లారేసరికి
ఆగింది.