టెస్టింగ్ బోర్డు

గుణుపురం మంగళారం సంతలో
ఎండుచేపల వరసకీ గొడుగులు కుట్టే సాయిబుకీ మధ్యన
గోనెపట్టా పరుచుకుని కూర్చుంటాను.
ముందొక చెక్క, చెక్కమీద మూడు హోల్డర్లు.
కరెంటు వెనక సైకిలు షాపోడిది,
పూటకి ఇరవై, బకాయి ఉంచను.

చెక్క మా దండాసి మావది.
ఆయన కాలానికి మందుకి లొంగింది గుండుబల్బొక్కటే.
తీగ తెగిందని ఎవరైనా పట్టుకొస్తే
చెవి దగ్గరెట్టుకుని ఊపేవాడు,
పసిదాని గజ్జె మోగినట్టు సన్నగా చప్పుడు.
వంచి, గోటితో కొట్టి, మళ్లీ వంచి
తెగిన కొసని రెండో కొసమీద పడేసేవాడు.
వెలిగేది! మునపటికంటే ఎక్కువ వెలిగేది.
"తీగ పొట్టిదైపోయింది కదేటి, అందుకే ఆ కాక.
నాల్రోజులే.
నాల్రోజులు మాత్రం రోజులు కావేటి?"

లోపల గాలుంటే తీగ బూడిదైపోద్దని
గాలి తోడేసి, ఎవరి జోలికీ పోని
సోమరి వాయువొకటి నింపుతారని ఆయనే చెప్పాడు.
రూపాయి కరెంటు తిని అయిదు పైసల వెలుగిచ్చేది,
మిగిలిందంతా వేడి.
ఆ వేడికే మా అత్త గంపకింద కోడిపిల్లల్ని బతికించింది.
నష్టమని ఎలా రాయను?

ట్యూబులైటుది వేరే యవ్వారం.
గాజుగొట్టంలో చిటికెడు పాదరసం, గోడలకి తెల్లటి పూత.
కరెంటు తగిలి పాదరసం విడిచే వెలుగు మన కంటికి ఆనదు.
పూత దాన్ని పట్టి మనకి తెలిసేలా తిప్పి చెప్తాది,
ఒడియాలో వచ్చిన కరెంటు బిల్లుని
నేను మా వీధికి చదివి చెప్పినట్టు.
నా చదువులోనూ కొంత కారిపోద్ది, దాని చదువులోనూ.

చిన్నరైలు తిరిగే రోజుల్లో
స్టేషన్లో ఒక సోడియం దీపం ఉండేది.
ముందు ఎర్రగా కళ్లు తెరిచి
పావుగంటకి పసుపు తేలేది.
దానికింద నా ఎర్రచీరా వదిన ఆకుపచ్చ చీరా
ఒక్కటే మురికిరంగు.
రైలు దిగి, వదినే అనుకుని
ఎవరో కోమటోరి కోడలి చెయ్యి పట్టుకుని
గేటు దాకా లాక్కెళ్లాను.
ఆవిడా ఏమీ అనలేదు. ఆవిడ నన్నెవరనుకుందో.

ఇప్పుడు మావ లేడు. గుండుబల్బూ లేదు.
పిడుగుల రాత్రి మర్నాడు
కొండ దిగి సొంబరు గమాంగో వచ్చాడు,
తువ్వాలు కొంగున ఎల్ఈడీ బల్బు, కోడిగుడ్డులా మూటగట్టి.

టోపీ ఊడదీశాను.
రేకుమీద మొక్కజొన్న గింజల్లా తొమ్మిది పసుపు గింజలు,
ఒకదాని నడినెత్తిన నల్లచుక్క.
గొలుసుకట్టు సంసారం, ఒకటి పోతే అందరికీ చీకటే.
ఇందులో తీగలేదు, వాయువులేదు.
గింజలో గోరంత గట్టు,
గట్టుకి ఇటు జనం ఎక్కువ, అటు ఖాళీ గుంటలు.
కరెంటు తోస్తే గట్టుదాటి గుంటలో పడతాయి,
పడేటప్పుడు ఒగ్గేసేదే వెలుగు.
పుట్టేది నీలంగా. మీది పసుపుపూత కలిసి తెల్లనవుద్ది.
ఒకవైపుకే దాటడం, వెనక్కి దారిలేదు.
పాతపట్నం నుంచి పెళ్లై ఇటొచ్చిన నాకు
ఈ పాఠం బేగి బుర్రకెక్కింది.
(నేను నెలకోసారి బస్సెక్కి వెళ్తూనే ఉన్నాను, అది వేరు.)

చచ్చిన గింజని పీకను.
దానిమీద చుక్క టంకం పోసి దారేస్తాను.
మిగిలిన ఎనిమిదీ దాని బరువు కూడా పంచుకోవాలి.
పాపం అనుకుంటూనే పోస్తాను.

"ఎన్నాలొస్తాది?" అన్నాడు సొంబరు, తన తెలుగులో.
నాల్రోజులు అనబోయి
"వానలు దాటిస్తాది" అనేశాను.
నిజమో అబద్ధమో ఆ టంకానికే తెలియాలి.

హోల్డరుకి పెట్టాను.
మిట్టమధ్యాహ్నం, ఎండ మొహమ్మీద కొడుతోంది,
వెలిగిందో లేదో అతనికి తేలలేదు.
చెక్కమీదకి వంగి, బల్బుతో సహా తలమీద
తువ్వాలు కప్పేసుకున్నాడు.
ఎండుచేపలామె బేరం ఆపి చూసింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత తువ్వాల్లోంచి నవ్వు.