నేల మీద చిల్లులు

ఏప్రిల్లో ఆఖరి కచేరీ అయిన మర్నాడు
యూనివర్సిటీ ఆఫీసు నుంచి ఒక ఫారం వచ్చింది:
వేదిక చెక్కనేలకి పడిన చిల్లులెన్ని,
లోతెంత, ఎవరి వల్ల.
వేసవిలో గీకించి, పుట్టీ పెట్టి, మెరుగు పెట్టిస్తారట.
కింద నా పేరు వాళ్ళే రాసేశారు:
లియాండర్ టిజార్డ్, వేదిక సహాయకుడు.

మోకాళ్ళ మీద కూచున్నాను
టార్చిలైటు నేలకి ఆనించి.
పక్కవాటు వెలుగులోనే కనబడతాయవి,
సెల్లోల ఇనుప ములుకులు దిగిన చోట్లు.
పియానో ఏ గుర్తూ మిగల్చదు, అంత ఒళ్ళేసుకుని
రబ్బరు చక్రాల మీద మర్యాదగా వెళ్ళిపోతుంది.
కొమ్ముబూరా వాళ్ళు కాస్త నీళ్ళు కారుస్తారు, తుడుస్తాను.
సెల్లో ఒక్కటే
కూచున్న చోటల్లా నేలకి పచ్చబొట్టు పొడుస్తుంది.

కాడ్ వేట మూసేసిన ఏడాది నాకు ఇరవైయేడు.
వలలు మడిచి కొట్టంలో పెట్టి
సెయింట్ జాన్స్ వచ్చాను, ఇక్కడ కుర్చీలు మడవడానికి.
రెండూ ఒకే పనని నాన్నతో అన్నాను.
నాన్న ఏమీ అనలేదు.

ఇది సెప్టెంబరుది, లోతుగా, నిటారుగా.
ఐస్‌లాండ్ నుంచి వచ్చిన స్టెయ్నున్, ఒక్కర్తే.
ఒక్క కుర్చీ వెయ్యడం అన్నిటికన్నా కష్టం;
పక్కన ఇంకోటి లేకపోతే
ఏది మధ్యో ఎవడికి తెలుసు?
నాలుగుసార్లు జరిపాను. ఆవిడ వచ్చి
చూడకుండానే జానెడు ఎడమకి లాక్కుని కూచుంది.

ఈ మూడూ నవంబరు పొగమంచువి.
నలుగురు రావలసిన రాత్రి ముగ్గురొచ్చారు,
నాలుగోవాడి విమానం హాలిఫాక్స్‌లోనే కూలబడింది.
కుర్చీ తీసెయ్యబోతే వయోలా ఆవిడ, తిబోడో,
"ఉండనీ, నా కోటు పెట్టుకుంటా" అంది.
ముగ్గురికి రాసిందేదో వెతికి తీసి వాయించారు.
సెల్లో అతనికి సాయంత్రమంతా చోటు కుదరలేదు,
మూడుచోట్ల పొడిచాడు.
ఒకచోట ముగ్గురూ ఎందుకో
ఆ కోటు వంక చూసి నవ్వారు.
జనం కూడా నవ్వారు, ఎందుకో తెలియకుండానే.

ఇక్కడ వరసగా గీత, గుంట కాదు. గీత.
ఫిబ్రవరి, మధ్యాహ్నం భోజనాలవేళ, విద్యార్థుల కచేరీ.
బ్రైడీ నోజ్‌వర్దీ, రెండో ఏడు.
విన్నవాళ్ళు పదకొండుమంది:
నైట్ డ్యూటీ దిగి గడ్డం కింద చెయ్యి పెట్టుకున్న నర్సు,
రాళ్ళ పాఠాలు చెప్పి రిటైరైన ముసలాయన,
పీతల ఫ్యాక్టరీ నుంచి బూట్లతోనే వచ్చేసిన బ్రైడీ అమ్మ.
మొదలుపెట్టిన నిమిషానికే ములుకు జారింది.
మళ్ళీ జారింది.
లంగరు పట్టని పడవలాగ
సెల్లో ఆ పిల్ల ఒళ్ళోంచి జనం వైపు కొట్టుకుపోతోంది.
కమాను ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి.

వేదిక ఎక్కాను. నా బెల్టు ఊడదీశాను.
కుర్చీకాలికి ఒక చుట్టు చుట్టి
తోలు మీద ములుకు నొక్కిపెట్టి "ఊఁ" అన్నాను.
ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని నడిచొస్తుంటే
ముసలాయన చప్పట్లు కొట్టాడు.
ముప్పై ఏళ్ళలో నాకు పడ్డ చప్పట్లు అవే.

సంగీతం నాకు రాదు.
బరువు పడ్డ తాడు తెగబోయే ముందు
సన్నగా పాడుతుంది, అది తెలుసు.
నాన్న పడవలో విన్నాను, విన్నవెంటనే చెయ్యి వెనక్కి తీసుకోవాలి.
ఆ పిల్ల సరిగ్గా ఆ చప్పుడు దగ్గరికే వెళ్ళింది
వెళ్ళి, చెయ్యి తియ్యలేదు.
అక్కడే నిలబెట్టింది, ఎంతసేపో,
తెగలేదు.

నూట తొంభై దాకా లెక్కపెట్టాను.
రేవులో ఓడ కూత వేసింది, అంకె పోయింది.
ఫారంలో రాశాను: చిల్లులు, కొన్ని.
లోతు: గోరు దిగేంత.
ఎవరి వల్ల అన్న గడి వదిలేశాను.

బ్రైడీ చిల్లు నేల మీద లేదు.
నా బెల్టుకుంది, మూడో కన్నానికీ నాలుగో కన్నానికీ మధ్య.
ఈమధ్య కాస్త పొట్ట వచ్చింది నాకు,
మూడోది వదులు, నాలుగోది బిగుతు.