సున్నా టికెట్టు

కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసిందన్న రోజు
నేను గ్రేడింగు బల్ల ముందు కూచుని
పొగాకు విడదీస్తా ఉండా.
ఏళ్లు గడిచినాయి, ఆకు విడదీస్తానే ఉండా.
ఈ నెలాఖరుకి మళ్లీ ఒంగోలుకే పోతామంట.
మన జిల్లా అనిపించుకున్న ఊరిని
ఒక్కసారన్నా చూడకపోతే ఎట్టా అని
ఆదివారం చీకటితోనే బస్సెక్కా.

ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు చింపి ఇచ్చాడు,
సున్నా రూపాయల టికెట్టు.
రవికలో రెండొందల ముప్పై.
అందులో ముప్పై మా కోటమ్మత్తది,
మలాయ్ కాజా తెమ్మని.

పెన్న వంతెన మీద బస్సు నిదానించింది.
ఇసక, ఇసక మధ్యన కాసిని నీళ్లు,
నీళ్లకవతల రంగనాయకుల గోపురం.
పక్క సీటాయన ఫోనులో పట్టి
ఎవరికో పంపించేశాడు.
నాకు పంపించాల్సినోళ్లు లేరు,
అందుకని చూశా.

దిగంగానే ఆటోలోళ్లు ముగ్గురు,
"యాడికమ్మా, యాడికి?"
యాడికో తెలిస్తే గదా.
అప్పుడు కనపడింది
చీపురు భుజానేసుకుని డ్యూటీ దిగిపోతా ఒకామె.
ఊరు ఊడ్చే మనిషికి తెలియని సందుంటదా?
ఆమె వెనకాలే నడిచా.

నాలుగో మలుపులో గిర్రున తిరిగింది.
"ఏంది, వెంటబడతా ఉండావు?"
"నెల్లూరు చూద్దామని వచ్చా."
"నెల్లూరుకొచ్చి నా యీపు చూస్తా ఉండావే!"

పేరు పెంచలరత్నం.
మూలాపేటలో ఒక బండి కాడికి తీసకపోయింది.
"బల్ల మీద కూచోమాక, కొత్తోళ్లనుకుంటారు.
పెనం ఎదర నిలబడు."
ఎర్రకారం పూసిన దోసె ముప్పై రూపాయలు.
కళ్లలో నీళ్లు. ముక్కులో నీళ్లు.
ఆమె దోసెకి నేనిస్తానంటే ఒప్పుకోలా.
పోయి పడుకోవాల, నిద్దరొస్తా ఉంది అంటానే
పోతా పోతా చెప్పింది:
దప్పికైతే సీసా కొనమాక,
మిషను కుట్టేవోళ్లని అడుగు,
దారం నోట్లో పెట్టుకునేవోళ్ల దగ్గిర
బిందె ఉండి తీరతది.
కాళ్లు నొప్పెడితే పెద్దాసుపత్రి వరండా ఉంది,
అక్కడ కూచున్నోళ్లని ఎవురూ లెమ్మనరు.

ఎవురూ లెమ్మనలా.
పక్కనున్న ముసలాయన మాత్రం
"నీకేం జబ్బమ్మా?" అని అడిగాడు.
ఊరు చూసే జబ్బు అని చెప్పలేక
మోకాలు చూపించా.

మజ్జానం, ఆటోలు వరసగా ఆగున్న హోటల్లో
అన్నం, చేపల పులుసు.
ముక్కతో నూటిరవై, ముక్క లేకుండా యాభై.
ముక్క వద్దన్నా. పులుసులో మామిడికాయ
పుల్లగా, చెయ్యంతా ఎర్రగా.
రెండోసారి పొయ్యను వచ్చిన పెద్దామె
గరిటెలోంచి ఏదో జారవిడిచింది.
"ముక్క వద్దన్నా కదక్కా!"
"అది ముక్క కాదు, తోక. తిను."

చిన్నబజారులో బంగారం కొట్టు
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
చల్లగాలి వీధిలోకొచ్చి పడతది.
అక్కడ పావుగంట నిలబడ్డా.
గాజుల బేరం ఆడా, కొనలా.
మల్లెపూల బేరం ఆడలా, కొన్నా.

సాయంత్రం దర్గా పక్కన చెరువుగట్టు.
ఇంటి రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె
మార్చుకునే జనం లేని రోజు,
నీళ్లు ఊరికే ఉన్నాయి.
ఊరు చూసే రొట్టె కూడా ఉంటదా అని
అక్కడ చిమ్మే మస్తానయ్యని అడిగా.
కాసేపు ఆలోచించాడు పాపం,
నిజంగానే ఆలోచించాడు.
"ఉంటే నేనే పట్టుకుందును," అన్నాడు.
"ఇక్కడే పుట్టా. చూడలా."

కాజా పొట్లం చేతిలో పట్టుకుని
బస్సు కోసం నడస్తా ఉంటే
సంచీ తగిలించుకున్న కుర్రోడొకడు
మద్రాసు బస్టాండు యాడని అడిగాడు.
"నేరుగా పో. బంగారం కొట్టు చల్లగాలి తగలతది,
తగిలినాక కుడిపక్కకి తిరుగు.
ఆకలైతే ఆటోలు ఆగిన కాడ తిను,
ముక్క వద్దను."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు.
"మీది నెల్లూరేనా అక్కా?"

"నెలాఖరు దాకా," అన్నా.