మూడు కాలమ్‌ల నడుమ పడవ వేళలు

జాదర్ రేవులో తాళ్లు అమ్మే కొట్టు పైన
రెండో అంతస్తు నాది.
పందొమ్మిదేళ్లుగా నెలకోసారి
దీవుల పత్రికకి పేజీలు కడుతున్నాను.
రాతలు ఎవరివో, ఫోటోలు ఎవరివో.
ఎవరూ అడగని ఖాళీలు మాత్రం నావి.

మూడో పేజీ అంటే నాకు జ్వరం.
మూడు కాలమ్‌లు; వాటి నడుమ
ఒకటిన్నర కాలమ్ మింగి కూర్చున్న టేబుల్:
ఏ పడవ, ఏ దీవి, బయల్దేరే వేళ, చేరే వేళ.
ఏడు అడ్డవరసలు,
గడికి రెండు మిల్లీమీటర్ల ఊపిరి.
దాని పక్కన మిగిలిన అరకాలమ్‌లో,
మా పాత ఊరి రాతిసందులోలాగే,
ఎదురొచ్చిన మాట పక్కకి తిరిగి నిలబడితేగాని
ఇంకో మాట వెళ్లలేదు.

కొత్తగా చేరిన మిస్లావ్ అంటాడు,
"టెక్స్ట్ అంటే నీళ్లు కదా, బండ చుట్టూ అదే పారుతుంది."
నాయనా, నీళ్లు హైఫన్ పెట్టుకోవు.
నీళ్లలో చివరి చుక్క ఒకటి మిగిలిపోయి
పక్క కాలమ్ నెత్తిన అనాథలా వేలాడదు.
మా భాషలో మాటలు పొడుగు.
సగానికి విరిచి కింది లైన్లోకి దించేటప్పుడు
ఎక్కడ విరిస్తే నొప్పి లేదో
చేపముల్లు తీసే చేతికి తెలిసినట్టు తెలియాలి.
అంచులు రెండూ సమంగా రావాలని లాగితే
మాటల మధ్య తెల్లటి గండ్లు.
పై గండి కింది గండితో కలిసి
పేజీ పొడుగునా ఒక బీట.

అన్నిటికన్నా కింద, కుడి మూలన,
ఎర్రటి చిన్న కూడిక గుర్తు.
చోటు దొరకని మాటలు ఇంకా ఉన్నాయని దానర్థం.
అది వెలిగినప్పుడల్లా కోత పడేది
ముసలి షిమెకే.
మేకలు, బావులు, పడిపోయిన గోడలు...
చేత్తో రాసి మొదటి పడవలో పంపుతాడు,
జున్ను డబ్బాకి రబ్బరు బ్యాండుతో బిగించి.
ప్రతి నెలా నాలుగు లైన్లు తీసేస్తాను.
ప్రతి నెలా ఫోన్ చేసి తిడతాడు,
"నా మేకకి ఉన్నవే నాలుగు కాళ్లు. నాలుగూ తీశావ్."

ఈ అక్టోబరులో షిప్పింగ్ కంపెనీ నుంచి
చలికాలం వేళలు వచ్చాయి.
రెండు వరసలు ఎంచాను. డిలీట్.
పొద్దున ఐదూ నలభై పడవ. రాత్రి తొమ్మిది పడవ.
అంతే, టేబుల్ ముడుచుకుంది.
కింద ఇరుక్కున్న మాటలన్నీ
గంట కొట్టిన బడిపిల్లల్లా పైకి ఎగబడ్డాయి.
విరిగినవి వాటంతటవే అతుక్కున్నాయి,
గండ్లు పూడాయి,
ఎర్ర గుర్తు ఆరిపోయింది.
పందొమ్మిదేళ్లలో మొదటిసారి
మూడు కాలమ్‌లూ ఒకే గీత మీద
పాదాలు ఆనించి నిలబడ్డాయి.

మిస్లావ్ చప్పట్లు కొట్టాడు.
నేను కాఫీకి లేచి, గిన్నె పెట్టి,
స్టవ్ వెలిగించడం మర్చిపోయాను.

ఫైలు ప్రెస్సుకి పంపకముందే షిమెకి ఫోన్ చేశాను.
నేనుగా చేయడం అదే మొదలు.
"ఈసారి ఒక్క లైనూ తియ్యలేదు," అన్నాను.
"బావి మొత్తం ఉంది, అడుగున నీళ్లతో సహా."
అటువైపు బుర గాలి. ఏదో రేకు తలుపు కొట్టుకుంటోంది.
"చోటెక్కణ్నించి వచ్చింది?"

చెప్పాను.

ఐదూ నలభై అంటే అతని జున్ను,
లూత్సియా మోకాళ్ల డాక్టరు,
హైస్కూలుకొచ్చే ముగ్గురు పిల్లలు,
వాళ్లలో ఒకడు డెక్కు మీదే లెక్కలు చేసుకుంటాడట.

చాలాసేపు రేకు తలుపే మాట్లాడింది.
ఆ తర్వాత, సంతలో బేరమాడే గొంతుతో, అతను:
"టోంకా, నా నాలుగు లైన్లూ కోసెయ్.
కావాలంటే ఎనిమిది కోసుకో.
ఆ చోట్లో పడవని పెట్టెయ్."

టేబుల్లో వరస చేర్చడం రెండు క్లిక్కుల పని.
ఆ మాట అతనికి చెప్పలేదు.