బాకీ

లాండ్రీకీ పిజ్జా కొట్టుకీ మధ్య నా ఆఫీసు.
జనవరి నుంచి ఏప్రిల్ దాకా
డులూత్ ఊరి గుట్టంతా
అట్టపెట్టెల్లో, బూట్ల డబ్బాల్లో
నా బల్ల మీదికి వచ్చి పడుతుంది.
ఎవరు విడిపోయారో, ఎవరికి గుండె ఆపరేషనో
పాస్టరు కంటే ముందు నాకు తెలుస్తుంది.

ఆ ఏడు అందరి నోటా ఒకటే మాట:
కరెంటు కారు కొంటే
ఏడు వేల ఐదు వందల డాలర్లు
పన్నులో కొట్టేస్తారట.
ఆ "అట" మీదే
నా బతుకు నడుస్తుంది.

పళ్ళ డాక్టరు థార్స్‌గార్డ్ వచ్చాడు.
ఫోనులో కారు చూపించాడు, నీలం రంగు,
గరాజులో రెండు పెట్రోలు బళ్ళ పక్కన మూడోది.
కాగితం నింపాను. అణా పైసలతో సహా వచ్చింది.
"ఇది లేకపోయినా కొనేవాణ్ణే లెండి,
వచ్చేదాన్ని వద్దనడమెందుకు" అన్నాడు
కోటు గుండీలు పెట్టుకుంటూ.
కల్లాకపటం లేని మనిషి.

అతని వెనక తలుపు మూసుకోకముందే
ఐలి కొస్కెలా లోపలికి వచ్చింది,
బూట్ల మంచు పట్టా మీద దులుపుకుంటూ.
టూ హార్బర్స్‌లో, ముసలివాళ్ళ ఆశ్రమంలో రాత్రి డ్యూటీ.
పోనూ రానూ యాభై నాలుగు మైళ్ళు,
సరస్సు పక్కనుంచి, ఎదురుగాలిలో.
కాఫీ డబ్బా బల్ల మీద బోర్లించింది:
ఏడాది పెట్రోలు రసీదులు,
సిరా వెలిసిపోయిన చోట
పెన్సిలుతో మళ్ళీ దిద్దిన అంకెలు.
లెక్క తనే కట్టుకొచ్చింది.
చలికి బ్యాటరీ ఎంత కుంగుతుందో,
నెల వాయిదా ఎంతో, పెట్రోలు మీద మిగిలేదెంతో,
ఆ రెంటి మధ్యా గొయ్యి
సరిగ్గా ఏడు వేల ఐదు వందల లోతు.

మీటలు నొక్కాను. మళ్ళీ నొక్కాను.
"మీరు కట్టాల్సిన పన్ను
తొమ్మిది వందల పన్నెండు.
అంతవరకే కొట్టేస్తారు."
"మిగతాది?"
"మిగతాది లేదు.
బాకీ ఉన్నంత మేరకే మాఫీ."

కాసేపు హీటరు ఒక్కటే మాట్లాడింది.
తర్వాత అడిగింది, ఎత్తిపొడుపు కాదు,
నిజంగా తెలుసుకోవాలనే:
"అంత బాకీ పడాలంటే
నేనెంత సంపాదించాలి?"

పాతికేళ్ళ ఈ పనిలో
పన్ను పెరగాలని కోరుకున్న మనిషిని
ఆ ఒక్కసారే చూశాను.
చెప్పాను. నవ్వేసింది.
రసీదులన్నీ ఏరి డబ్బాలో వేసుకుంది.
ఒకటి బల్ల కిందకి జారితే
వంగి మరీ తీసుకుంది.

ఎలాగూ ఒడ్డుకొస్తున్న చేపకి
రాజధానిలో ఎవరో గాలం వేశారు
అని తిట్టుకుందామంటే అదీ కుదరదు.
ఏడాదిగా తటపటాయిస్తున్న లెక్కల టీచరు
నా కుర్చీలోంచి లేచి, ఆ రాత్రే సంతకం పెట్టింది.
ఒకతను తగ్గింపు పోతుందన్న తొందరలో
అక్కర్లేని బండి కొని ఇప్పటికీ సణుగుతాడు.
వాళ్ళ కాగితాలూ నేనే నింపాను.

రెండు చలికాలాలు గడిచాక రూలు మారింది.
తగ్గింపు కొన్నచోటే, అక్కడికక్కడే,
వాడిన కార్లకీ కొంత.
ఐలికి చెబుదామని ఫోను తీశాను.
పన్నులాయన ఫోను చేస్తే
ఎవరికైనా గుండె జారుతుంది.
పెట్టేశాను.

మార్చిలో ఒక సాయంత్రం
చప్పుడు లేకుండా కిటికీ ముందు ఆగింది
తలుపు మీద పొడుగాటి గీత ఉన్న తెల్ల కారు.
"ఇంటికి ఎనిమిది మైళ్ళు,
బండిలో తొమ్మిదే చూపిస్తోంది,
గాలేమో ఇలా ఉంది" అంది ఐలి.
చేతిలో డబ్బా లేదు.

కిటికీ సందులోంచి నారింజరంగు తీగ లాగి
నా కాఫీ మిషను పీకిన చోట గుచ్చాం.
హీటరు దగ్గర బూట్లు విప్పి
కుర్చీలోనే నిద్రపోయింది.
గంటకి మూడు మైళ్ళ చొప్పున
చీకటి పడింది.

ఎంత కరెంటు కాలిందో నాకు తెలుసు,
లెక్కలే కదా నా పని.
ఏ గడిలోనూ రాయలేదు.