ఒక బొక్క ఎక్కువ

మొదలు చిటికెన వేలు.
తర్వాత దాని పక్కది.
జిప్సం బోర్డు నెత్తి మీద ఆపి
స్క్రూ బిగిస్తుంటే
ఆ రెండు వేళ్ళు నావి కానట్టు,
ఎవరో నా చేతికి తగిలిచ్చి పోయినట్టు.

మస్కట్‌ల పదకొండేండ్లు.
కప్పులు తెలుసు నాకు, ఇండ్లు తెల్వదు.
ఎవరి గోడ ఏ రంగో అడగకు,
మీద ఏ మూల అతుకు పడ్డదో చెప్తా.

రాత్రి పై మంచంల
చెయ్యి తలకింద పెట్టుకొని పంటే
నడిజాముకు అది సచ్చేది, నేను లేసేటోన్ని.
కింది మంచం జసీముద్దీన్ అడిగేటోడు,
"మళ్ళా చీమలా?"
చీమలే.
బెల్లం లేని కాడ చీమలు.

క్యాంపు కాంపౌండర్ మెడ అన్నడు, గోలీలిచ్చిండు.
ఇంకొకాయన మణికట్టు అన్నడు, పట్టీ కట్టిండు.
ఫోర్‌మన్ సబ్రీ నొప్పే లేదన్నడు.
మూడోసారి డ్రిల్లు జారి
కింద ఇటలీ రాయి పగిలినంక
పద్దెనిమిది రియాళ్ళు జీతంల కోసి
అప్పుడు తోలిండు దవాఖానకు.

"రాజ్ షామ్!"
రాజేశం అంటే నేనే అనుకొని లేచిన.

డాక్టరమ్మ బలూషీ ఆమె. హిందీ నాకంటే నయం.
ముందుగాల మెషిన్లు ముట్టలే.
ఏం పని చేస్తవో చూపియ్యమన్నది.
కుర్సీల కూసోని
లేని బోర్డుకు లేని స్క్రూ బిగించి చూపిచ్చిన.
నాడి పట్టుకొని, చెయ్యి ఎనుకకు గుంజి,
తల తిప్పి ఊపిరి బిగపట్టుమన్నది.
నాడి దాసుకున్నది.
రెండు చేతులు లేపు,
పిడికిళ్ళు తెరువు, మూయి, మూడు నిమిషాలు.
దొరికిన దొంగ లెక్క నిలబడ్డ.
నిమిషం కాలే.
కుడిచెయ్యి సున్నం కొట్టినట్టు తెల్లబడి
నన్నడగకుండనే కిందికి దిగింది.

ఎక్స్‌రే వెలుగుకు పెట్టింది.
మెడ ఆఖరి పూస పక్కన
చిక్కుడుకాయంత బొక్క.
అందరికి ఉండదట. పుట్టంగనే వచ్చిందట.
జీవితంల నాకు ఎక్కువొచ్చింది అదొక్కటే.

గొంతు కింది అడ్డబొక్కకు, మొదటి పక్కబొక్కకు నడుమ
ఇరుకు దర్వాజ ఉంటదట.
చేతికి పోయే నరాలు,
నెత్తురు తెచ్చే గొట్టం, మళ్ళించే గొట్టం
అన్నీ అండ్లకెల్లే పోవాలె.
నాకు ఘలా క్యాంపు గేటు యాదికొచ్చింది:
పొద్దుగాల నాలుగున్నర, ఒక్క బస్సు,
ఒకని డొక్కల ఇంకొకని సద్దిగిన్నె.

బొక్క ఒక్కటే అయితే సప్పుడు చెయ్యకపోవు అన్నది.
ఏండ్లకేండ్లు చేతులు మీదికే ఉండి
మెడ కండలు బిగుసుకున్నయట.
జాగ లేదు, అంతే రోగం అన్నది.
నవ్వొచ్చింది.
ఎనిమిది మంది పండే అర్రల నేను.

రెక్కాడితే గాని డొక్కాడదంటరు మా దిక్కు.
నాకు డొక్కే రెక్కకు అడ్డం పడ్డది.

నరాలకు కరెంటు పెట్టి చూసిండ్రు.
చిటికెన వేలికి కబురు ఆలస్యంగ అందుతుందట,
వీడియో కాల్‌ల పెదవి ముందు కదిలి
మాట ఎనుక వచ్చినట్టు.

కోసుడు ఇప్పుడే కాదు.
మూడు నెలలు కసరత్తు.
అప్పటికీ తగ్గకపోతే బొక్క తీసేస్తరట.
తీస్తే నాకిస్తరా అని అడిగిన.
జవాబు చెప్పలే, రాసుకుంట నవ్వింది.

శ్రీలంక పిల్ల దినూషా కసరత్తు చెప్తది.
"భుజాలు చెవుల కాడ ఎందుకు పెట్టుకున్నవ్? దించు."
ఎన్నడు ఎక్కినయో అవి, నాకే తెల్వదు.
ఎదతోటి కాదు, కడుపుతోటి ఊపిరి తియ్యమంటది.
చెవిని భుజం దిక్కు వంచి పదిహేను లెక్కపెడుత.
కిటికీల నుంచి మస్కట్ కొండలు కనవడ్తయి,
తోలు లేదు, కండ లేదు, ఒట్టి పక్కబొక్కలు.

చెయ్యి నెత్తి కంటే మీదికి లేపద్దు, అని కాయిదం.
సబ్రీ రెండుసార్లు చదివిండు.
"సీలింగోనివి నువ్వు.
నీ కోసం కప్పు కిందికి దించాల్నా?"

ఇప్పుడు స్టోర్‌ల ఉన్న.
ఓవర్‌టైం లేదు.
జసీముద్దీన్ కింది మంచం నాకిచ్చి పైకెక్కిండు,
కారణం చెప్పలే.

డబ్బాకు వంద స్క్రూలు లెక్కవెట్టి పోస్త,
ఆ రెండు వేళ్ళతోనే, పట్టుబట్టి.
ఇయ్యాల నాలుగు జారినయ్.
నిన్న తొమ్మిది.