నూటికి ఒక వంతు

బరంపురంలో, గిరి రోడ్డు వెనక,
జిరాక్సు కొట్టు పైగదిలో
కాగితం చుట్టలు విప్పుతున్నాను.
ముప్పై ఎనిమిదేళ్ళ నాటి సముద్రం
గోధుమరంగుకి తిరిగి, అంచుల్లో చెదలు తిని
ఇంకా డీజిలు వాసనేస్తోంది.

శబ్దం దిగి, తగిలి, తిరిగొచ్చిన చోటల్లా
సూది గీసిన గీత.
రెండువేల ఐదువందల మీటర్లు, అక్కణ్ణించి వాలు,
వాలు పాదం, ఆ పాదం దగ్గర
ఏ నదులో కడుక్కొచ్చి పోసిన మట్టి.
పక్కన ఒడియాలో ఎవరో రాసుకున్న టీ లెక్క.
దాని కింద గ్రీజు వేలిముద్ర, మా నాన్నది.

నాన్న సూరాడ దానేసు, ఆర్యపల్లి.
సర్వే ఓడలో కేబుల్ విన్చి తిప్పినవాడు.
జీతం చీటీ మీద పేరు ఒడియాలో,
తిట్టు తెలుగులో.

ఓడ లేని ఒక దేశం నుంచి
ఈ లోతులు కావాలని ఉత్తరం వచ్చింది.
దాని పేరుకి నాన్న నోరు తిరగదు.
"కొబ్బరిచెట్ల రేవు. మంచినీళ్ళు పోసినారు మాకు."
రెండువందల మైళ్ళ అవతలా
నీళ్ళ కింద తమ నేలే సాగుతోందని వాళ్ళు చూపాలి.
చూపాలంటే కొలిచి ఉండాలి.
కొలిచే ఓడ ఒక్కరోజు తాగే నూనె డబ్బుతో
అక్కడొక ఆసుపత్రి నెల్లాళ్ళు నడుస్తుందట.
వానలు పడేలోపే గడువు.

సూత్రం చిన్నది:
వాలు పాదం నుంచి ఎంత దూరం పోయావో
అందులో నూటికి ఒక వంతు మందాన మట్టి ఉండాలి.
అరవై మైళ్ళకి కిలోమీటరు పైచిలుకు బురద.
ఉంటే నీది.
ఉందని కాగితం ఉంటేనే నీది.

మా ముత్తాతకి కాగితం లేదు.
ముప్పై ఆరులో, ఇచ్ఛాపురం సంతలో ఎండుచేప అమ్ముకుని
బాహుదా దాటి వచ్చేసరికి
ఇల్లు వేరే రాష్ట్రంలో ఉందట.

పక్కబల్ల గదాధర్ అడిగాడు:
"నూనె మనది, చెమట మనది, ఊరికే ఎందుకివ్వాలి?"
తప్పని అనలేకపోయాను.
ఇద్దరికీ నెల జీతం బాకీ.

రాత్రి ఊరెళ్ళి నాన్ననే అడిగాను.
వల కుడుతూ వేరే సంగతెత్తాడు:
"మా అయ్యకో గురి ఉండీది.
దీపస్తంబం మీదకి మహేంద్రగిరి కొమ్ము వచ్చీదాకా ఎల్లి
గుండుతాడు ఇరవైమూడు బారలు దించితే
మైనానికి ఎర్రిసక అంటుకునీది. అక్కడ కోనాం.
నాకే సగం సెప్పినాడు.
సోనాపురంలో తుపానుకి మనిసి పోయిన ఇంటి పడవ
మూడ్రోజులు కాళీగా తిరిగొస్తే
ఆ ఇంటి ఆడమనిసిని పిలిసి అంతా సెప్పీసినాడు."

"మరి మనకి చేప తగ్గలేదా?"

"తగ్గదా మరి."
సూది పళ్ళ మధ్య పెట్టుకుని ముడి బిగించాడు.
వాకిట్లోకి దిగాక వెనక్కి పిలిచాడు.
"పదకొండో సుట్టలో నా ఏలు తెగిన కాడ
కేబుల్ జారింది. ఆ గీత తప్పు.
నమ్మొద్దని రాయి.
మంచి గీతలతో పాటు అదీ ఇయ్యి."

రాశాను:
పదకొండు, తెల్లారుజామున మూడూ నలభై నుంచి
నాలుగుంపావు దాకా, అనుమానం.
కారణం: విన్చి.
వేలి సంగతికి గడి లేదు.

పంపాను.
తొంభై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది.
కింద కొట్టువాడు ఒడియాలో తిట్టాడు,
పైన నేను తెలుగులో.
కరెంటొచ్చింది.
మళ్ళీ మొదటి బార నుంచి.